డైరీకి ఎక్కని ఓటు

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళకు ఎన్నికల డ్యూటీ ఆర్డరు ఏదో ఒక రోజు వస్తుంది. రాగానే అందరూ చేసే మొదటి పని దాన్ని తప్పించుకునే దారి వెతకడం. నేనూ వెతికాను. ఒకసారి మోకాళ్ళ నొప్పి సర్టిఫికెట్టు, ఇంకోసారి మా అత్తగారి కంటి ఆపరేషను. మూడోసారికి నన్ను ఎవరూ నమ్మలేదు. అలా ముప్ఫై మూడేళ్ళ టీచరు ఉద్యోగంలో ఏడు ఎన్నికలు చేశాను. ఆరింటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఏడోదాని గురించి చెప్పడానికి ఇన్నాళ్ళూ నోరు రాలేదు.

నేను చెన్నైలో తెలుగు మీడియం సెక్షన్‌లో పాఠాలు చెప్పాను. చెన్నైలో తెలుగు మీడియమా అని ఇప్పటివాళ్ళు నవ్వుతారు. నేను చేరినప్పుడు తరగతికి నలభై మంది ఉండేవాళ్ళు. దిగిపోయేనాటికి సెక్షన్ మొత్తానికి పదకొండు మంది మిగిలారు. ఆ పదకొండు మందీ ఇంటర్వెల్‌లో తమిళంలోనే పోట్లాడుకునేవాళ్ళు. ఆ పోట్లాటలు తీర్చి, హాజరు వేసి, సాయంత్రం అంబత్తూరు బస్సెక్కి ఇంటికి పోవడమే నా ఉద్యోగం. కడుపులో చల్ల కదలకుండా గడిచిపోయింది.

పోలింగు రోజు మాత్రం నాలాంటి టీచరును తీసుకొచ్చి ఒక గదికి అధికారిని చేస్తారు. ప్రిసైడింగ్ ఆఫీసరు అంటారు. ఓటరు జాబితా చూసేవారు ఒకరు, వేలికి సిరా పూసి రిజిస్టరులో సంతకం తీసుకునేవారు ఒకరు, మెషిన్ దగ్గర ఒకరు. ఈ ముగ్గురి పైనా మనం. మన చేతికి ఒక డైరీ కూడా ఇస్తారు. అందులో వరసగా ప్రశ్నలుంటాయి. ఎవరైనా వేరొకరి పేరుతో ఓటు వేశారా, ఓటర్లను ఎవరైనా బెదిరించారా, ఫిర్యాదులు ఏమైనా వచ్చాయా, ఇలాగ. ప్రతి ప్రశ్న ఎదురుగానూ సంగతి ఎప్పుడు జరిగితే అప్పుడే రాయాలి.

మా బడిలో పనిచేసి రిటైరైన హెడ్‌మాస్టరుగారు ఒకరు నా మొదటి ఎన్నికల ముందు నాకు ఈ విద్య నేర్పారు. "అమ్మా, అన్ని ప్రశ్నలకూ జవాబు ఒకటే. నిల్. పొద్దున టిఫిన్ తినగానే కూర్చుని రాసేసుకో. సాయంత్రం సీళ్ళు వేయడంతోనే సరిపోతుంది, బస్సు మన కోసం ఆగదు" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. నిజంగా నా మేలు కోరే చెప్పారు. మెషిన్లు తిరిగి అప్పజెప్పే చోట డైరీ అంతా నిల్ ఉన్నవాళ్ళకు పది నిమిషాల్లో రసీదు దొరికేది. ఏదైనా రాసుకొచ్చినవాళ్ళను పక్క టేబుల్ దగ్గరికి పంపేవాళ్ళు. అక్కడ కూర్చోవడానికి కుర్చీ కూడా ఉండేది కాదు. ఎక్కడెక్కడ ఎంతమంది ఇలా చేస్తారో నాకు తెలియదు. నేనూ, నాకు తెలిసినవాళ్ళూ మాత్రం ఎన్నిక సగం కూడా కాకముందే ఎన్నిక ప్రశాంతంగా ముగిసిందని రాసి పెట్టుకునేవాళ్ళం.

ఏడోసారి నాకు సౌకార్‌పేట సందుల్లో ఒక పాత బడి వచ్చింది. రోజూ మనిషి పక్క మనిషి పట్టని ఆ సందులు, కొట్లన్నీ మూసేయడంతో ఆ రోజు వెడల్పుగా కనిపించాయి. జాబితా చూసే పని ఒక బ్యాంకు ఉద్యోగిది. ముప్ఫై అయిదేళ్ళ మనిషి. రెండేళ్ళ కిందట గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి షోళింగనల్లూరులో కాపురం ఉంటున్నాడు. తమిళం ఇంకా కూడబలుక్కుంటూ మాట్లాడేవాడు. ఎన్నికల చేతిపుస్తకం మొత్తం చదివి, రంగు పెన్నులతో గీతలు గీసుకుని మరీ వచ్చాడు. నాకు లోపల నవ్వొచ్చింది.

గదిలో ఓ పక్క పార్టీల ఏజెంట్లు కూర్చుంటారు. మాకు ఆ రోజు ముఖ్యంగా ఇద్దరు. ఒకాయన మీసాలాయన, ఆ పేటలో పలుకుబడి ఉన్న పార్టీ మనిషి. ఇంకొకాయన కళ్ళజోడాయన, ఎదుటి పార్టీ. బయట గోడల మీద ఈ రెండు పార్టీలూ ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి. లోపల ఈ ఇద్దరూ ఒకే పొట్లంలో ఇడ్లీలు తిన్నారు. ఎనిమిదింటికి మీసాలాయన మాక్కూడా టిఫిన్ తెప్పించాడు. పార్టీవాళ్ళ చేతి తిండి తినకూడదని మాకు ట్రైనింగులో చెప్పారు. బ్యాంకు ఆయన సంచిలోంచి బ్రెడ్డు తీసుకుని తిన్నాడు. నేను ఇడ్లీలు తిన్నాను. తప్పని తెలుసు, ఆకలేసింది.

తిన్నాక చెయ్యి కడుక్కుని డైరీ తెరిచాను. బయట వరస బాగా పెరిగింది. బ్యాంకు ఆయన ఒక్కొక్కరి పేరూ నంబరూ గట్టిగా చదువుతున్నాడు. అలా చదవడం ఏజెంట్ల కోసమే. పేరు వినగానే వాళ్ళు మనిషి ముఖం చూడాలి. ముఖం వేరే అయితే అడ్డం చెప్పాలి. మధ్యలో ఒక్కసారి ఆయన ఆగిన సంగతి నాకు గుర్తుంది. తలమీద కొంగు కప్పుకున్న ఒక ఆడమనిషి ఇచ్చిన గుర్తింపు కార్డు జిరాక్సు ప్రతిలా ఉందని ఆయనకు అనుమానం వచ్చింది. "తెలుసు సార్, మన వీధే" అని మీసాలాయన తమిళంలో అన్నాడు. కళ్ళజోడాయన తల వంచుకుని తన కాగితం మీద టిక్కు పెట్టుకున్నాడు. బ్యాంకు ఆయన నా వైపు చూశాడు. కానివ్వండి అన్నట్టు నేను చెయ్యి ఊపాను, తలెత్తకుండానే. నేను డైరీ రాసుకుంటున్నాను. వేరొకరి పేరుతో ఓటు వేసిన సంఘటనలు, నిల్.

మధ్యాహ్నం మూడింటికి వరస పలచబడింది. అప్పుడు ఒకామె వచ్చింది. నలభై దాటి ఉంటుంది. వీధులు ఊడ్చే కాంట్రాక్టు పని ఆమెది. పని కోటు విప్పి మడిచి చంకలో పెట్టుకుంది. స్నానం చేసి, తల దువ్వుకుని, ముఖానికి పౌడరు రాసుకుని, నీలం రంగు చీర కట్టుకుని, పెళ్ళికి వచ్చినంత శుభ్రంగా వచ్చింది. స్లిప్పూ ఓటు కార్డూ రెండూ బల్ల మీద పెట్టింది.

బ్యాంకు ఆయన జాబితా చూసి, మళ్ళీ చూసి, కూడబలుక్కున్న తమిళంలో ఏదో చెప్పబోయాడు. ఆమె పేరు చూసి తెలుగులోకి వచ్చేశాడు.

"మీ పేరు మీద ఓటు పడిపోయిందండి."

"పడిపోయిందంటే ఏంది సార్? నేను ఇప్పుడే గదా వస్తాండాను."

"పొద్దున్నే వేసేసినట్టు ఉందండి."

ఆమె ఎడమచేతి వేలు చాపింది. "ఇదో చూడండి. సిరా ఏదీ ఈడ? తెల్లారుజామున అయిదు గంటలకి పనికి పొయ్యి, రెండున్నరకి డ్యూటీ దిగినాను. ఆడనే ఆఫీసు కుళాయి దగ్గిర నీళ్ళు పోసుకొని, చీర మార్చుకొని నేరుగా వచ్చినాను. ఎవురేసినారు నా ఓటు?"

రిజిస్టరు తిప్పి చూశాం. ఆమె వరస నంబరు ఎదురుగా వేలిముద్ర ఉంది. ఆమె వంగి దాన్ని చాలాసేపు చూసింది.

"ఇది నాది కాదు. నేను ఏలిముద్ర ఎందుకేస్తాను? నాకు సంతకం వచ్చు. అయిదో క్లాసు దాకా తెలుగు బళ్ళో చదివినాను. జీతం కాయితంలో కూడా సంతకమే పెడతాను, పొయ్యి అడగండి."

వీధులు ఊడ్చే మనిషికి వేలిముద్ర చాలునని ఎవరో అనుకున్నారు. దొంగతనం చేసినవాళ్ళకు ఆమె గురించి తెలిసింది అంతే.

అంతటితో ఆగలేదు ఆమె. నా బల్ల దగ్గరికి వచ్చింది. "అమ్మా, నాలుగు దినాల ముందర మా సూపర్వైజరు అందరి ఓటు కార్డులూ అడిగినాడు. మా లైన్లో అందరూ ఇచ్చేసినారు. నేను ఇయ్యలా. 'ఇయ్యకపోతే పో, నీ ఓటు మేమే ఏసుకుంటాం' అన్నేడు. నవ్వులాటకి అంటాండాడు అనుకున్నాను నేను."

మీసాలాయన ఫ్యాను వంక చూస్తున్నాడు. కళ్ళజోడాయన నీళ్ళు తాగడానికి బయటికి వెళ్ళాడు.

రేపు మీరు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఇలాంటి మాట వింటే, వినబడిన క్షణమే అది నేరం గురించిన సమాచారమని తెలుసుకోండి. ఓటర్ల కార్డులు పోగుచేయడం నేరం. ఒకరి ఓటు ఇంకొకరు వేయడం నేరం. గుమ్మం దగ్గర పోలీసు ఉన్నాడు. ఆ చుట్టుపక్కల బూత్‌లన్నీ చూసుకునే సెక్టారు ఆఫీసరు ఫోను నంబరు నా బల్ల మీద ఉంది. ఏదీ దూరం కాదు.

"మేడమ్, ఈవిడకి టెండర్డ్ బ్యాలెట్ ఇవ్వాలండి. కవర్లో ఇరవై కాగితాలు ఇచ్చారు కదండీ, ఇందుకేనండి" అన్నాడు బ్యాంకు ఆయన. చేతిపుస్తకంలో ఆ పేజీ అప్పటికే తెరిచి పట్టుకున్నాడు.

ఆయన చెప్పింది నిజమే. మన ఓటు వేరెవరో వేసేసి పోయినప్పుడు, అసలు మనిషి మనమేనని తేలితే, మెషిన్‌లో కాకుండా ఒక కాగితం మీద ఓటు వేయనిస్తారు. దాన్ని విడిగా కవరులో పెట్టి సీలు వేస్తారు. మామూలు లెక్కింపులో అది కలవదు. కానీ ఫలానా మనిషి వచ్చింది, ఆమె ఓటు పోయింది అనడానికి సర్కారు చేతిలో మిగిలే సాక్ష్యం అదొక్కటే.

"అదెలాగూ లెక్కపెట్టరు లెండి" అన్నాను నేను, మెల్లగా, ఆయనకే వినపడేలా.

ఆమెకూ వినపడింది. "లెక్కపెట్టకపోయినా ఇయ్యండమ్మా. నేను వచ్చినానని ఒక కాయితం ఉంటాది గదా."

ఆమె అడిగింది కాగితం. నా దగ్గర ఉన్నది డైరీ. సిరా ఆరిపోయిన నాలుగు నిల్‌లు కొట్టేయాలి. ఒక్కొక్క కొట్టివేత పక్కనా చిన్న సంతకం పెట్టాలి. ఇంతకుముందు నిల్ ఎందుకు రాశావు అని అడుగుతారు. పొద్దున ఈమె పేరుతో వచ్చిన ఆ కొంగు కప్పుకున్న మనిషిని ఎవరు గుర్తుపట్టారు, నువ్వేం చేస్తున్నావు అని అడుగుతారు. పోలీసుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. పక్క టేబుల్. మీసాలాయన మనుషులకు భయపడ్డానని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది. భయం కాదు. బద్ధకం. దాని వెనకాల నా తప్పు బయటపడుతుందన్న బెదురు.

ఆమెను వరండాలోకి తీసుకెళ్ళాను. భుజం మీద చెయ్యి వేశాను. తెలుగులో మాట్లాడాను. బడిలో ఏడుస్తున్న పిల్లలతో ఎలా మాట్లాడతానో అలాగే.

"మీరు తెలుగోళ్ళా? టీచరమ్మా?" అంది. ముఖం కొంచెం తేలికపడింది.

"అవును. తెలుగు టీచరునే. నా మాట వినమ్మా. ఇప్పుడు ఇక్కడ గొడవ చేస్తే నీకే కష్టం. జరిగిందంతా నేను నా పుస్తకంలో రాస్తాను. పై ఆఫీసర్లు చూసుకుంటారు. నువ్వు ఇంటికి వెళ్ళు."

"రాస్తారు గదా?"

"రాస్తాను."

"సూపర్వైజరు కార్డులు అడిగింది కూడా రాయండి."

"అన్నీ రాస్తాను."

"మీరు చెప్తాండారు కాబట్టి పోతాండాను టీచరమ్మా. తమిళోళ్ళు చెప్పుంటే కదిలేదాన్ని కాను." చేతులు జోడించింది. కోటు మళ్ళీ చంకలో సర్దుకుని మెట్లు దిగింది.

బూత్‌లో ఆమె ఓటు దొంగిలించినవాళ్ళు ఆమె పేరు మాత్రమే వాడుకున్నారు. నేను ఆమె భాషను వాడుకున్నాను.

సాయంత్రం ఆరింటికి తలుపు మూశాం. సీళ్ళు వేశాం, సంతకాలు పెట్టాం. ఇరవై టెండర్డ్ కాగితాలూ ఇరవైగానే తిరిగి కవరులోకి వెళ్ళాయి. బస్సు దగ్గర బ్యాంకు ఆయన అడిగాడు, "ఆవిడ సంగతి డైరీలో రాశారా అండీ?" అని. "రాశాను" అన్నాను. నాకు పది నిమిషాల్లో రసీదు దొరికింది.

నాలుగు వారాలకు నాకు ఒక కాగితం వచ్చింది. ఫలానా ఓటరు ఫిర్యాదు మీద విచారణ, హాజరు కావాలని. ఆమె ఊరుకోలేదు. ఎన్నికల ఆఫీసుకు పోయి, బయట అర్జీలు రాసేవాడి చేత రాయించి ఇచ్చింది. ఆ అర్జీ నకలు నా కాగితంతో పాటే పంపారు. చివర్లో ఇలా ఉంది. ఈ సంగతంతా బూత్‌లో ఉన్న తెలుగు టీచరు ఆఫీసరమ్మ తన పుస్తకంలో రాశారు, ఆ పుస్తకం చూస్తే నేను చెప్పేది నిజమని తెలుస్తుంది.

వంటింట్లో నిలబడి చదివాను. రెండోసారి చదవలేదు.

బ్యాంకు ఆయనకు ఫోను చేశాను. ఎందుకు చేశానో నాకే తెలియదు. బహుశా ఆయన కూడా కొంచెం భయపడితే నాకు బాగుంటుందనేమో. ఆయన భయపడలేదు. "రాశానన్నారు కదండీ" అన్నాడు. నేను విచారణ తేదీ చెప్పాను. "పొద్దున్న ఆ కార్డు జిరాక్సని నాకూ అనుమానం వచ్చిందండి. వదిలేశాను. అది నా తప్పేనండి. నన్ను పిలిస్తే ఉన్నదున్నట్టు చెప్తాను" అన్నాడు.

విచారణ చేసిన అధికారి మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు. ఆమె తలుపు పక్కన నిలబడి ఉంది. నన్ను చూడగానే నవ్వింది. నేను వచ్చేశాను కాబట్టి ఇంక ఫరవాలేదన్నట్టు నవ్వింది. "నమస్కారం టీచరమ్మా" అంది. నేను తల ఊపాను.

అధికారి నా డైరీ నకలు బల్ల మీద పరిచాడు. వేలితో ఒక్కొక్క గడీ చూపిస్తూ తమిళంలో చెప్పుకుపోయాడు. "ఇక్కడ నిల్, ఇక్కడ నిల్, టెండర్డ్ ఓట్లు నిల్, ఫిర్యాదులు నిల్. మీ సర్వీసు రికార్డు కూడా చూశాను మేడమ్, ఒక్క మచ్చ లేదు. ఈమె మాత్రం మీతో చెప్పానంటోంది. ఈమె వచ్చిందని మీరు అంటే, మరి ఎందుకు రాయలేదని నేను మిమ్మల్ని అడగాల్సి వస్తుంది. అప్పుడు ఇది మీ మీద కేసవుతుంది. వందల మంది వచ్చి ఉంటారు, అందరూ గుర్తుండాలని ఏమీ లేదు కదా." చివరి వాక్యం చాలా మెల్లగా, చాలా దయగా చెప్పాడు. నాకు ఏ జవాబు కావాలో ఆయనే నా చేతిలో పెట్టాడు.

నాకు రిటైర్మెంటు ఇంకా రెండున్నరేళ్ళు ఉంది.

"గుర్తు లేదండి" అన్నాను.

ఆమెకు మొదట అర్థం కాలేదు. అధికారి రాసుకుంటున్నాడు. ఆమె రెండడుగులు ముందుకు వచ్చి తెలుగులో అంది, "అదే టీచరమ్మా, వరండాలో. భుజం మీద చెయ్యేసి మాట్లాడినారే. అన్నీ రాస్తానన్నేరే."

నేను కాఫీ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాను.

"ఏం చెప్తోంది?" అని అధికారి నన్నే అడిగాడు. ఆ గదిలో తెలుగు తెలిసింది మా ఇద్దరికే. "అదే మళ్ళీ చెప్తోంది" అన్నాను.

తప్పుడు ఫిర్యాదు ఇవ్వడం కూడా నేరమేనని, చదువు లేని మనిషి కదా అని ఈసారికి వదిలేస్తున్నానని, ఫిర్యాదు వెనక్కి తీసుకున్నట్టు రాసివ్వాలని అధికారి చెప్పాడు. గుమాస్తా కాగితం రాసి తెచ్చి, దానితో పాటు ఇంకు ప్యాడు కూడా ఆమె ముందుకు తోశాడు. ఆమె ప్యాడు పక్కకు జరిపింది. పెన్ను అడిగి తీసుకుంది. బల్ల మీదికి వంగి, తన పూర్తి పేరు తెలుగులో, గుండ్రటి అక్షరాలతో, నిదానంగా రాసింది.

బూత్ రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా ఉన్నది వేలిముద్ర. ఇక్కడ బల్ల మీద ఉన్నది సంతకం. ఈ రెండూ పక్కపక్కన పెడితే చాలు, ఇంకే విచారణా అక్కరలేదు. కానీ రిజిస్టరు సీలు వేసిన సంచిలో ఎక్కడో ఖజానాలో ఉంది, కోర్టు చెబితే తప్ప తెరవరు. రిజిస్టరులో ఏముందో ఆమె కాక తెలిసినదాన్ని ఆ గదిలో నేనొక్కదాన్నే. కోర్టును అడిగి తెరిపించమని నోరు తెరిచి ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. నేను లేచి నా వాంగ్మూలం కింద సంతకం పెట్టాను.

బ్యాంకు ఆయనను ఎవరూ పిలవలేదు. ఆయనే ఒక ఉత్తరం రాసి పంపించాడట. ప్రిసైడింగ్ ఆఫీసరు వాంగ్మూలం ఇచ్చినందువల్ల వేరే వాంగ్మూలం అవసరం లేదని జవాబు వచ్చిందట. ఈ రెండు ముక్కలూ నాకు మెసేజి పెట్టాడు. ఆ తర్వాత నా ఫోను ఎత్తలేదు.

ఆమెకు ఏమైందో కొన్నాళ్ళకు తెలిసింది. సౌకార్‌పేటలో తన వీధి పని తీసేసి, ఊరి చివర చెత్త ఎత్తే చోటికి మార్చారు. రెండు బస్సులు మారి పోవాలి. అయిదింటికి అక్కడ హాజరు కావాలంటే మూడింటికే లేవాలి. ఎందుకు మార్చారో ఎవరూ చెప్పలేదు, ఎవరూ చెప్పనక్కరలేదు కూడా.

నాకేమైందో కూడా చెప్పాలి కదా. తర్వాతి ఎన్నికలకు నన్ను బూత్‌కు పంపలేదు. ఫిర్యాదు వచ్చినా రికార్డు చెక్కుచెదరని అనుభవజ్ఞురాలినని నన్ను ట్రైనరుగా వేశారు. ఒక కల్యాణమండపంలో రెండు వందల మంది కొత్తవాళ్ళకు టెండర్డ్ ఓటు అధ్యాయం నేనే చెప్పాను. ఆ అధ్యాయం నాకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఒకమ్మాయి లేచి, "మీ సర్వీసులో ఎప్పుడైనా ఒకటి ఇచ్చారా మేడమ్?" అని అడిగింది. "అలాంటి అవసరం రాలేదమ్మా" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కూడా కప్పారు. దాన్ని ఇంటికి వెళ్ళగానే మా ఆడపడుచుకు ఇచ్చేశాను.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే ఏమీ తోచదు. తోచనప్పుడు ఆ వరండా గుర్తొస్తుంది. ఒక వారం పాటు కూర్చుని జరిగిందంతా రాశాను. ఇడ్లీల దగ్గర నుంచి ఇంకు ప్యాడు దాకా. పై అధికారులకు పంపడానికి తమిళంలో ఒక ప్రతి, ఆమె చదువుకోవడానికి తెలుగులో ఒకటి. రెండింటి కిందా పూర్తి పేరు, హోదా, సంతకం. ఓటరు జాబితాలో చూసిన ఆమె వీధి పేరు నేను మరిచిపోలేదు. ఒక మధ్యాహ్నం సౌకార్‌పేట పోయి, అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను.

ఒకే గది. ఆమె డ్యూటీ దిగి వచ్చి అన్నం తింటోంది. నన్ను గుర్తుపట్టింది. లేవలేదు, నవ్వలేదు. "కూర్చోండి" అంది. నేను కాగితాలు ఇచ్చాను. చెయ్యి కడుక్కుని వచ్చి, గుమ్మంలో వెలుతురు ఉన్న చోట కూర్చుని, వేలు పెట్టుకుని చదివింది. మూడు పేజీలు. చదవడానికి చాలాసేపు పట్టింది. పక్కింట్లో కుక్కరు కూతలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

"నేను ఆ పొద్దు ఏ రంగు చీర కట్టుకున్నానో కూడా రాసినారే" అంది.

"అవునమ్మా."

"గుర్తు లేదన్నేరు గదా ఆడ."

నేను క్షమించమని అడిగాను. రెండు చేతులూ పట్టుకుని అడిగాను. ఆమె చేతులు విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు.

"ఇది ఇస్తే మీకు ఏమవుతుంది?"

"నాకింకేమవుతుంది. రిటైరయ్యాను. ఏమైనా అయితే అవుతుంది."

"నాకు?"

నేను దాని గురించి ఆలోచించలేదు. వారం రోజులు రాశాను కానీ, ఆ ఒక్కటి నాకు తట్టలేదు.

"అదే సూపర్వైజరు టీచరమ్మా. మొన్న చిత్తిరి నెలలోనే, ఎండల్లో, కాళ్ళా వేళ్ళా పడి మళ్ళీ మా వీధికి మార్పించుకున్నాను. నాకు ఇంకా ఆరేండ్ల పని ఉండాది. మీరు ఇప్పుడు ఇది తీసకపొయ్యి ఇచ్చినారంటే, మళ్ళీ నన్ను పిలుస్తారు, మళ్ళీ ఆడ నిలబడాల. ఆ పొద్దు చెప్పుంటే ఇద్దరం నిలబడేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కదాన్నే."

కాగితాలు మడిచి నా ఒళ్ళో పెట్టింది.

"తీసకపోండి. చింపేయమని అననులే. ఏ పుస్తకంలోనన్నా రాసుకోండి, చదివేవాళ్ళు చదువుతారు. నా పేరు మాత్రం రాయబాకండి. మా సూపర్వైజరు పేరూ వద్దు, పేట పేరు చాలు." సగం తిన్న కంచం దగ్గరికి జరిగింది. "మీ పేరు రాసుకోండి. మీకేం భయం ఇంక."

బస్సులో అంబత్తూరు దాకా ఆ మాటే వింటూ వచ్చాను. ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు నా పేరు పైనే రాశాను. మా ఆయన చదివి, "పింఛను జోలికి వస్తారేమో చూసుకో" అన్నారు. ఆయన మీదికి నెట్టడం ఎందుకు, నాక్కూడా అదే అనిపించింది.

ఆమె పేరు లేదంటే ఆమె వద్దంది కాబట్టి లేదు. నా పేరు ఆమె రాసుకోమనే చెప్పింది. పైనా కిందా వెతకండి, ఎక్కడా ఉండదు.